ఆంక్షలు కావాలని ఎవరు అడిగారు?

1985 అక్టోబరులో బహమాస్ రాజధాని నసావులో కామన్వెల్త్ దేశాధినేతల సమావేశం ముగిశాక, బ్రిటన్ ప్రధాని మార్గరెట్ థాచర్ టీవీ కెమెరాల ముందు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రవ్వంత సందు వదిలి చూపిస్తూ, నల్లజాతివారిని అణచే వర్ణవివక్ష పాలన సాగిస్తున్న దక్షిణాఫ్రికాపై ఆంక్షల విషయంలో తాను కదిలింది ఇంతేనని చెప్పారు. క్రూగర్‌రాండ్ బంగారు నాణేల దిగుమతి ఆపడానికీ, ప్రిటోరియాలోని దక్షిణాఫ్రికా ప్రభుత్వానికి ప్రభుత్వపరమైన కొత్త అప్పులు ఇవ్వకుండా ఉండడానికీ మిగతా నేతలతో కలిసి ఆమె అప్పుడే ఒప్పుకొని వచ్చారు. ఒప్పుకున్న మాటకు విలువ లేదని ఒప్పుకున్నవారే చాటడం ఆమె విదేశాంగ మంత్రి జెఫ్రీ హౌకు కూడా మింగుడు పడలేదు.

మిత్రదేశాలు మానవ హక్కుల విషయంలో విభేదించినప్పుడల్లా పత్రికలు ఐక్యత దెబ్బతిన్నదని బాధపడతాయి. నాకు ఆ బాధ అర్థం కాదు. స్నేహితుల మధ్య భేదాభిప్రాయం దాచుకోవలసిన సంగతి కాదు. అందరికీ నచ్చేదాకా ప్రకటనను నీరుగార్చి, చివరికి ఎవరినీ నొప్పించని నాలుగు వాక్యాలకు సంతకాలు చేయడమే అసలు నష్టం. ఆంక్షలు విధించాలా వద్దా అన్న తగవును తేల్చవలసింది కూటమి సౌకర్యం కాదని, వాటి భారం మోయబోయే ప్రజలు ఏమి అడుగుతున్నారన్నదేనని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

థాచర్ వాదనను తేలిగ్గా కొట్టిపారేయకూడదు. ఆంక్షలు పెడితే ముందు ఉపాధి పోయేది నల్లజాతి కార్మికులకేనని, ఇరుగుపొరుగు ఆఫ్రికా దేశాలు కూడా చితికిపోతాయని ఆమె అన్నారు. నష్టం ఉంటుందన్న మాట నిజమే. కానీ ఆ నష్టం గురించి మాట్లాడే హక్కు ఉన్నవారు అప్పటికి పాతికేళ్ల ముందే మాట్లాడారు. 1959లో ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెస్ అధ్యక్షుడు ఆల్బర్ట్ లుతూలి, బహిష్కరణ వల్ల తమకు కష్టం తప్పదని తెలిసే, రక్తపాతం సాగే కాలాన్ని అది తగ్గిస్తుందంటే ఆ మూల్యం చెల్లించడానికి సిద్ధమేనని చెప్పి, బయటి దేశాలను బహిష్కరణకు పిలిచారు. 1980లలో బిషప్ డెస్మండ్ టూటూ చెప్పింది కూడా అదే. వారి తరఫున వారి కష్టాన్ని లండన్‌లో లెక్కగట్టి, వారు అడిగినదాన్ని వారి మేలు కోసమే నిరాకరిస్తున్నామనడం న్యాయం కాదు.

నసావు సమావేశం తర్వాతి రెండేళ్లలో జరిగింది చూస్తే తగవు ఎంత పనిచేసిందో తెలుస్తుంది. నసావులో నియమించిన ప్రముఖుల బృందం, అందులో మన దేశం నుంచి స్వరణ్ సింగ్ ఉన్నారు, ప్రిటోరియాతో చర్చలు సాగిస్తుండగానే 1986 మే 19న దక్షిణాఫ్రికా సేనలు మూడు కామన్వెల్త్ రాజధానులపై, అంటే లుసాకా, హరారే, గాబరోన్‌లపై దాడి చేశాయి. జులైలో ఎడిన్‌బరోలో జరిగిన కామన్వెల్త్ క్రీడలను 59 దేశాల్లో 32 బహిష్కరించాయి. ఆగస్టులో లండన్‌లో ఏడుగురు నేతలు కూర్చున్నప్పుడు కెనడా ప్రధాని బ్రయాన్ మల్రోనీ, ఆస్ట్రేలియా ప్రధాని బాబ్ హాక్, రాజీవ్ గాంధీ, జాంబియా అధ్యక్షుడు కెన్నెత్ కౌండా, జింబాబ్వే ప్రధాని రాబర్ట్ ముగాబే, బహమాస్ ప్రధాని లిండెన్ పిండ్లింగ్ ఒక పక్క నిలిచారు, థాచర్ ఒక్కరే మరో పక్క. వారు ఆమె కోసం ఆగలేదు. 1987లో వాంకూవర్‌లో చేసిన ప్రకటనలో బ్రిటన్ మినహా అన్న మాటను సూటిగా రాసి, తాము అంగీకరించినదాన్ని పలచబరచకుండా ముందుకు సాగారు. ఆ రోజుల్లో కామన్వెల్త్ చేసిన అతి నిజాయితీ గల పని అదేనని నేను నమ్ముతాను.

ఐరోపా కూటమి ఎంచుకున్న దారి వేరు. అక్కడ అందరూ ఒప్పుకోవాలి కాబట్టి 1986 సెప్టెంబరులో ఇనుము, ఉక్కు, బంగారు నాణేల మీద నిషేధం వచ్చింది గానీ, దెబ్బ గట్టిగా తగిలే బొగ్గు మాత్రం పశ్చిమ జర్మనీ ఒప్పుకోనందున జాబితా నుంచి జారిపోయింది. అమెరికాలో కాంగ్రెసు అధ్యక్షుడికే అడ్డు నిలిచింది. రీగన్ వీటోను ప్రతినిధుల సభ 313–83తోనూ, సెనేట్ 78–21తోనూ తోసిపుచ్చి 1986 అక్టోబరులో ఆంక్షల చట్టాన్ని తెచ్చాయి. ఆ ఓట్లలో రీగన్ సొంత పార్టీవారివి ఎన్నో ఉన్నాయి.

ఈ కథలో ఒక తెలుగువాడి పేరు మన ప్రవాస తెలుగు సంఘాల వేదికల మీద తగినంతగా వినపడదు. నెల్లూరు ప్రాంతంలో గూడూరు దగ్గర 1924లో పుట్టి, 1946లో న్యూయార్క్ చేరి, 1949లో ఐక్యరాజ్యసమితి ఉద్యోగంలో చేరిన ఏనుగ శ్రీనివాసులు రెడ్డి, లోకానికి ఇ.ఎస్. రెడ్డి, వర్ణవివక్షకు వ్యతిరేకంగా సమితి ఏర్పాటు చేసిన ప్రత్యేక కమిటీకి 1963లో కార్యదర్శి అయ్యారు. ఆ కమిటీలో చేరడానికి పాశ్చాత్య దేశాలన్నీ నిరాకరించాయి. ఏ అధికారి అయినా అంతటితో చేతులెత్తేసి ఉండవచ్చు. రెడ్డి మాత్రం పెద్ద దేశాలు లేకపోవడాన్నే వీలుగా మలచుకున్నారు: ఎవరినీ బుజ్జగించే అవసరం లేని కమిటీ, దక్షిణాఫ్రికా ఉద్యమకారుల మాటనే ఆధారం చేసుకొని, పాశ్చాత్య దేశాల్లోని చర్చిలతో, విద్యార్థి సంఘాలతో, కార్మిక సంఘాలతో నేరుగా పని చేసింది. 1977 అక్టోబరు 31న భద్రతా మండలిలో అమెరికా, బ్రిటన్, ఫ్రాన్స్ మూడూ కలిసి ఆంక్షల తీర్మానాలను వీటో చేశాయి. నాలుగు రోజులు తిరక్కముందే, నవంబరు 4న, అదే మండలి 418వ తీర్మానంతో దక్షిణాఫ్రికాకు ఆయుధాల అమ్మకాన్ని తప్పనిసరిగా నిషేధించింది. అప్పటికి రెడ్డి సమితిలోని వర్ణవివక్ష వ్యతిరేక కేంద్రానికి డైరెక్టరు. ఆయన 2020లో మసాచుసెట్స్‌లో కన్నుమూశారు.

ఆంక్షల బరువు మనవాళ్లు కూడా మోశారు. 1860 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్ చెరకు తోటలకు వెళ్లిన కూలీల్లో కోస్తా జిల్లాల తెలుగువారు ఎందరో ఉన్నారు. వారి సంతతి 1931లోనే అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. భారతీయుల భూమి హక్కులను హరించే చట్టం వచ్చిన 1946లో, స్వాతంత్ర్యం రాకముందే, దక్షిణాఫ్రికాతో వాణిజ్యాన్ని తెంచుకున్న తొలి దేశం భారతదేశం. ఆ తర్వాత దశాబ్దాల పాటు మన పాస్‌పోర్టులు ఆ దేశ ప్రయాణానికి చెల్లలేదు. డర్బన్‌లోని కుటుంబానికి గోదావరి జిల్లాలోని తాతల ఊరితో రాకపోకలు తెగిపోవడమంటే పిల్లలకు భాష నేర్పే గురువు రాడు, పెళ్లి సంబంధం రాదు, చావుకబురు ఎప్పటికో చేరుతుంది. అయినా ఆంక్షలు ఎత్తివేయమని అక్కడి భారతీయుల రాజకీయ సంస్థ నేటాల్ ఇండియన్ కాంగ్రెస్ అడగలేదు. పైగా 1984లో తెల్లవారి ప్రభుత్వం భారతీయులకు పార్లమెంటులో విడిగా ఒక సభ ఇస్తామని ఆశ చూపినప్పుడు, ఓటర్లలో అత్యధికులు ఆ ఎన్నికల వైపు తొంగి చూడలేదు.

అడిగినవారు ఎవరన్న ఇదే కొలమానం ఇంకో వైపు నుంచి కూడా పనిచేస్తుందని ఒప్పుకోవాలి. 1990 నుంచి 2003 దాకా ఇరాక్ మీద సాగిన ఆంక్షలను ఇరాక్ ప్రజలు అడగలేదు, ఆపమనే గొంతు కూడా వారికి లేదు. సమితి తరఫున అక్కడి సహాయ కార్యక్రమాన్ని నడిపిన డెనిస్ హాలిడే 1998లో, ఆయన తర్వాత వచ్చిన హాన్స్ ఫాన్ స్పోనెక్ 2000లో ఆ విధానాన్ని నిరసిస్తూ పదవులు వదులుకున్నారు. అక్కడ అమెరికా, బ్రిటన్‌లతో విభేదించిన ఫ్రాన్సు చెప్పిందే సరైనది. ఆంక్షలు ఎప్పుడూ మంచివనో చెడ్డవనో ముందే తేల్చుకున్నవారు ఈ రెండు ఉదాహరణల్లో ఒకదాన్ని మరచిపోవలసి వస్తుంది.

ఇక మన కాలానికి వస్తే, 2025 ఆగస్టులో రష్యా చమురు కొంటున్నందుకు అమెరికా భారత సరుకుల మీద అదనంగా 25 శాతం సుంకం వేసింది. ఆ దెబ్బ భీమవరం చుట్టుపక్కల చెరువుల మీద పడింది. కౌంటును, అంటే కిలోకు ఎన్ని తూగుతాయన్నదాన్ని, బట్టి ధర పలికే రొయ్యకు, ఆ ధర ఎక్కువగా అమెరికా కొనుగోలు మీదే ఆధారపడిన రైతుకు, యుక్రెయిన్ యుద్ధంలో ఏ పాత్రా లేదు. యుక్రెయిన్ ప్రజలు రష్యాపై ఆంక్షలు అడిగారు, వారికి ఆ హక్కు ఉంది. అయితే 2022లో హంగరీకి పైపులైను చమురు కొనుక్కోవడానికి మినహాయింపు ఇచ్చిన ఐరోపా కూటమివారు, ఒక స్నేహ దేశపు రైతును శిక్షించడాన్ని మానవ హక్కుల పేరుతో సమర్థించలేరు. అలాగే, సమితి విధిస్తే తప్ప ఏ ఆంక్షలూ మాకు సమ్మతం కావని ఇవాళ ఢిల్లీ చెప్పే మాట 1946లో సమితి తీర్మానం కోసం ఎదురు చూడకుండా వాణిజ్యాన్ని తెంచుకున్న దేశం చెప్పవలసిన మాట కాదు.

అమెరికాలో, కెనడాలో, బ్రిటన్‌లో, ఆస్ట్రేలియాలో ఓటు హక్కు ఉన్న తెలుగువారు ఇప్పుడు లక్షల్లో ఉన్నారు. మన సంఘాలు వీసాల గురించి చట్టసభ సభ్యులను కలిసినంత పట్టుదలతో, ఆంక్షల బిల్లు వచ్చిన ప్రతిసారీ వారిని రెండు విషయాలు అడగాలి: ఆ దేశంలో అణచివేతకు గురవుతున్నవారి సంఘాలు దీన్ని కోరాయా, ఆహారానికీ మందులకూ మినహాయింపు కాగితం మీదే ఉందా లేక బ్యాంకులు నిజంగా ఆ చెల్లింపులను దాటనిస్తున్నాయా. ఎత్తివేత సంగతీ అంతే. 1990లో మండేలా విడుదల కాగానే, ఇంకా ఆపవద్దని ఉద్యమం కోరుతున్నా, బ్రిటన్ కొత్త పెట్టుబడులపై నిషేధాన్ని తనంతట తానే తీసేసింది. మిగిలిన ఆంక్షలను ఎత్తివేయమని మండేలా స్వయంగా సమితికి వచ్చి అడిగింది 1993 సెప్టెంబరులో.