లాన్ బౌల్స్ మన బెజవాడకే పుట్టిన ఆట

ఇంటర్ అయిపోయిన మా మేనల్లుడు మొన్న, "మావయ్యా, నేను ఇంటర్నేషనల్ లాన్ బౌల్స్ ప్లేయర్ అవుతా" అన్నాడు. పక్కనే పేపర్ చదువుతున్న మా బావగారు కళ్ళజోడు పైకి తోసి, "కేటరింగా? మంచిదే. మాఘమాసంలో పటమట నుంచి కానూరు దాకా ఒక్క లాన్ ఖాళీ ఉండదు. బౌల్స్ మాత్రం స్టీలువే కొను" అన్నారు.

ఆయన తప్పేం లేదు. లాన్ అంటే రిసెప్షన్, బౌల్ అంటే గులాబ్ జామ్ అని ఊరంతా స్థిరపడిపోయింది. ఒకటిన్నర కిలోల బంతిని గడ్డి మీద దొర్లించడం కెరీరంటే ఎవరు నమ్ముతారు?

నేను మాత్రం దీన్ని చాలా సీరియస్‌గా తీసుకుని రూల్సన్నీ చదివాను. చదివే కొద్దీ ఒళ్ళు పులకరించింది. ఇది ఇంగ్లీషువాళ్ళ ఆటేమిటండీ, మన ఆట!

ఇందులో బంతి పూర్తి గుండ్రంగా ఉండదు. కావాలనే తేడాగా చెక్కుతారు. తిన్నగా వేస్తే తిన్నగా పోదు. పక్కకి గురిపెట్టి వదలాలి. వేగం తగ్గే కొద్దీ వంపు తిరిగి, జాక్ అనే చిన్న బంతి దగ్గరికి చేరుతుంది. ఏ ఆఫీసులోనైనా ఫైలు తిన్నగా పెడితే కదిలిందా? ముందు అయ్యగారి తోడల్లుడి వైపు దొర్లిస్తే, అదే తిరిగి తిరిగి సంతకం పక్కన ఆగుతుంది. దీన్ని వాళ్ళు బయాస్ అంటారు. మనం 'తెలిసినవాళ్ళు' అంటాం.

ఇంకో రూలుంది, దానికి దండం పెట్టాలి. మామూలు బంతి చివరి గుంటలో పడితే చచ్చినట్టే. కానీ దొర్లుతూ ఒక్కసారి జాక్‌ను తాకిందా, దానికి చాక్‌పీసుతో గుర్తు పెడతారు. ఆ తర్వాత గుంటలో పడినా బతికున్నట్టే లెక్క. పెద్దాయన భుజాన్ని ఒక్కసారి తాకి ఫొటో దిగినవాళ్ళని మనూళ్ళో ఎంతమందిని చూడలేదు!

ఇక కెరీర్ సంగతి. 1930 నుంచీ కామన్వెల్త్ క్రీడల్లో, ఒక్క 1966లో తప్ప, ఈ ఆట ఉంటూనే ఉంది. 2022లో బర్మింగ్‌హామ్ ఫైనల్లో లవ్లీ చౌబే, పింకీ సింగ్, నయన్‌మోనీ సైకియా, రూపా రాణీ టిర్కీ దక్షిణాఫ్రికాను 17-10తో ఓడించి స్వర్ణం తెచ్చారు. ఆ రాత్రి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో ఉన్నట్టుండి నలభై మంది లాన్ బౌల్స్ నిపుణులు తేలారు. తెల్లారేసరికి మళ్ళీ వాటర్ ట్యాంకర్ గొడవ. సైకియా మొదట వెయిట్‌లిఫ్టర్, టిర్కీ కబడ్డీ ఆడేవారు. అంటే దీనికి ఆరో తరగతి నుంచే ఫౌండేషన్ కోర్సు అక్కర్లేదు. మన కాలేజీలు ఈ ఆటని క్షమించనిది అందుకే. అదే పోటీల్లో, చూపు మందగించిన క్రీడాకారిణికి దారి చెప్పే జార్జ్ మిల్లర్ 75 ఏళ్ళకు స్వర్ణం గెలిచారు. ఆ లెక్కన మా బావగారికింకా పదిహేడేళ్ళ టైముంది.

ఇబ్బందల్లా స్థలమే. నలభై మీటర్ల చదరమంటే దాదాపు 1,900 గజాలు. బెంజి సర్కిల్ దగ్గర అంత జాగాలో గడ్డి పెంచుతానంటే ఇంట్లోవాళ్ళు మనకే గడ్డి పెడతారు. పెంచినా రోహిణీ కార్తెకి అది గడ్డిలా ఉండదు, పీచులా ఉంటుంది.

అందుకని మావాడు సెల్లార్‌లో కొబ్బరికాయతో ప్రాక్టీసు మొదలెట్టాడు. పీచు సగం ఒలిస్తే అచ్చం బయాస్ ఉన్న బంతే. నిన్న సాయంత్రం చక్కగా వంపు తిరిగి, అసోసియేషన్ సెక్రటరీగారి స్కూటరు తాకి, అద్దం పగలగొట్టి, డ్రైనేజీలో పడింది. రాత్రికల్లా ఫైన్ నోటీసు. మా బావగారు సెక్రటరీగారి వియ్యంకుడికి ఫోన్ చేసి, ఆయన కుశలం, వాళ్ళమ్మాయి కుశలం అడిగి, చివర్లో స్కూటరు మాటెత్తారు.

పొద్దున్నే నోటీసు డిలీటయింది. కొబ్బరికాయ మాత్రం ఇంకా డ్రైనేజీలోనే ఉంది. మావాడు చాక్‌పీసు పట్టుకుని కిందికెళ్ళాడు.