ముసలమ్మను రోడ్డు దాటించకండి బాబూ

ఈ మధ్య వస్తున్న తెలుగు కామెడీ సిరీస్‌లన్నింటిలో ఒకే మహానటి కనబడుతోంది. టైటిల్స్‌లో ఆవిడ పేరుండదు, డైలాగూ ఉండదు. నేత చీర, కళ్ళజోడు, చేతిలో ఒక సంచీ. రోడ్డు పక్కన నిలబడి ఉంటుంది. హీరో వస్తాడు. ఒక చేత్తో ట్రాఫిక్ ఆపి, రెండో చేత్తో ఆవిణ్ణి పట్టుకుని అవతలికి దాటిస్తాడు. వెనకాల ఫ్లూటు. ఆవిడ అతని తల నిమురుతుంది. హీరో మంచివాడని రుజువైపోయింది. ఇక మిగతా ఎపిసోడ్లన్నీ మనం అతన్ని ప్రేమిస్తూ కూచోవాలి.

సిట్‌కామ్ (అవే పాత్రలతో వారం వారం నడిచే కామెడీ సిరీస్) ఆడాలంటే పాత్రల మీద జనానికి ప్రేమ కలగాలని పెద్దలు కనిపెట్టారు. నిజమే, కాదనను. అయితే ఆ ప్రేమ పుట్టించడానికి ముసలమ్మ తప్ప వేరే దారి లేదని కూడా వాళ్ళే తేల్చేశారు. అందుకని నా బెంగంతా ఇప్పుడు ఆవిడ గురించే.

ఆవిడిల్లు హైదరాబాద్ కృష్ణానగర్‌లో అనుకుందాం. పొద్దున్నే పెరుగు ప్యాకెట్ కొనుక్కుని ఇంటికి తిరిగొస్తోంది. కొట్టూ ఇటువైపే, ఇల్లూ ఇటువైపే. రోడ్డు దాటాల్సిన ఖర్మ ఆవిడకి లేదు. మోకాలు నొప్పెట్టి ఒక్క క్షణం ఆగింది. అంతే, ఒక హీరో వచ్చి దాటించేశాడు. "నాకటు పని లేదు నాయనా" అంటూనే ఉంది, స్లో మోషన్‌లో మాట వినపడదు కదా! అవతల కాలు పెట్టేసరికి అక్కడ ఇంకో సిరీస్ షూటింగు. ఆ హీరో మొదటివాడి కన్నా మంచివాడు, వాడి కథ బడ్జెట్ అలాంటిది. ఇటువైపు తెచ్చి దింపాడు. హమ్మయ్య, ఇల్లు చేరినట్టే అనుకునేలోగా డైరెక్టర్ "వన్ మోర్" అన్నాడు. మధ్యాహ్నానికి యూసఫ్‌గూడ. అక్కడ హీరోయిన్ దాటించింది, ఆడపాత్రలకీ సమాన ప్రాధాన్యం ఇవ్వాలి కాబట్టి. సాయంత్రానికి అమీర్‌పేట. కొడుకు ఫోన్ చేసి "ఎక్కడున్నావే అమ్మా?" అంటే "డివైడర్ మీదరా" అంది. సంచీలో పెరుగు పులిసిపోయింది. ఇంతమంది ఉత్తములు చెయ్యి పట్టుకున్నారు గానీ, ఒక్కడూ "ఎక్కడికెళ్ళాలమ్మా?" అని అడగలేదు. అడిగితే ఆవిడ ఏదో ఒకటి చెబుతుంది. అప్పుడక్కడ ఇద్దరు మనుషులు తయారవుతారు. వాళ్ళకి మాటలు రాయాలి. ఫ్లూటయితే అద్దెకి దొరుకుతుంది.

ఇప్పుడు శాస్త్రోక్తంగా ఒక ప్రతివాదన. 2001 నవంబరులో గుణ్ణం గంగరాజు గారి కామెడీ సీరియల్ 'అమృతం' జెమినీ టీవీలో మొదలైంది. 2007 దాకా 300కు పైగా ఎపిసోడ్లు నడిచింది. అందులో కలిసి హోటల్ నడిపే స్నేహితులు అమృతరావు గానీ ఆంజనేయులు గానీ ముసలమ్మను రోడ్డు దాటించి మంచివాళ్ళని నిరూపించుకున్నట్టు నాకు గుర్తులేదు. ముసలమ్మ కనబడితే వాళ్ళకి ముందు తట్టేది, ఈవిడ టిఫిన్ చేసిందా లేదా అని. వాళ్ళ హోటల్ అమృత విలాస్‌లో బేరాలుండవు మరి. ఇద్దరికీ ఉన్న సద్గుణాలు చూద్దాం. కష్టపడకుండా డబ్బు రావాలన్న ఆశ. భార్యలు సంజీవనికీ శాంతకీ చెప్పే అబద్ధాలు. ఇంటి ఓనరు అప్పాజీ అంటే హడల్. వారం వారం ఓ పథకం వేస్తారు, అది తన్నేస్తుంది, పై ఆదివారానికి మళ్ళీ కొత్త పథకం. ఆరేళ్ళలో ఆ మహానుభావులు నేర్చుకున్నదేమీ లేదు. ఇవాళ్టి కథాచర్చలో పెడితే మొదటి పేజీలోనే "క్యారెక్టర్ గ్రోత్ ఏదండీ?" అని పక్కన పడేస్తారు. లేదా సరిదిద్దుతారు. అమృతరావు ఐటీ ఉద్యోగం వదిలేసి చిరుధాన్యాల హోటల్ పెడతాడు. అప్పాజీ అద్దె అడుగుతూనే పక్కకెళ్ళి కళ్ళు తుడుచుకుంటాడు, ఆయన గతంలో ఒక విషాదం ఉంది. ఆంజనేయులు ఫ్రెండ్ కాదు, స్టార్టప్ పార్టనర్.

మరి జనం ఆ పనికిమాలిన ఇద్దరినీ నెత్తిన ఎందుకు పెట్టుకున్నట్టు? వాళ్ళేం చేస్తారో మనకి ముందే తెలుసు గనక. అప్పాజీ గుమ్మంలో కనబడగానే అద్దె గుర్తొచ్చి నవ్వొస్తుంది, ఆయన ఇంకా నోరు విప్పకముందే. కొత్తవాడు అరటితొక్క మీద జారితే అయ్యో అంటాం. మనకి తెలిసినవాడు, అందులోనూ పొద్దుట్నుంచీ తన తెలివి గురించి కోతలు కోస్తున్నవాడు జారితే ఆ మజాయే వేరు. అమృతరావు తనని తాను మేధావి అనుకుంటాడు. ప్రపంచంలో అది నమ్మే ఒకే ఒక్కడు ఆంజనేయులు. పథకం బెడిసికొట్టాక కూడా వాడితోనే ఉంటాడు. ప్రేమ అక్కడుంది. దానికి ఫ్లూటు వాయించనక్కర్లేదు.

అమృతరావు వేషం శివాజీ రాజా నుంచి నరేష్‌కి, ఆయన్నుంచి హర్షవర్ధన్‌కి మారింది. ముగ్గురు మారినా జనం ఛానల్ మార్చలేదు. హోటల్ నడపడం చేతకాని వాళ్ళ గొప్పతనం మనకే పరిమితం అనుకోకండి, బ్రిటన్‌లో బేసిల్ ఫాల్టీ అనే హోటల్ ఓనరు వచ్చిన అతిథులందరినీ తిట్టిపోసి, 1975లో ఆరు, 1979లో ఆరు, మొత్తం 12 ఎపిసోడ్లతో చిరస్థాయిగా ఉండిపోయాడు. మంచితనంలో మాత్రం అతనికి పాస్ మార్కులు కూడా రావు.

అయితే నేనింకో ధర్మసందేహంలో పడ్డాను. ఆంజనేయులు వేసిన గుండు హనుమంతరావు గారు 2018లో పోయారు. 2020లో ఆ కథని ఓటీటీలో మళ్ళీ తీసినప్పుడు ఆంజనేయులుగా ఎల్బీ శ్రీరామ్ గారు వేశారు. ఆయన్ని తక్కువ చేసే ధైర్యం ఎవరికుంది? అయినా నా కళ్ళు పాత మొహాన్నే వెతుక్కున్నాయి. అమృతరావుని రెండుసార్లు మార్చినా ఊరుకున్నవాణ్ణి, ఇక్కడ మాత్రం మొండికేశాను. పాత్రే అంతా అనే నా సిద్ధాంతానికి ఇది చిల్లు. ఉండనీండి.

ఈ కొత్త సిరీస్‌ల ఫ్లూటుని భరిస్తాను. పక్క ఛానల్లో నడిచే స్కిట్లని మాత్రం భరించలేను. అక్కడ పాత్రలకి పేర్లు కూడా ఉండవు. నల్లగా ఉన్నవాణ్ణి చూపించి కరెంటు పోయిందా అంటారు. లావుగా ఉన్నావిడ నడిస్తే భూకంపం సౌండ్ వేస్తారు. మగవాడికి చీర కట్టి, వాడి వీపు మీద గుద్దితే అది భార్యాభర్తల హాస్యం! ఆ రంగు వాడి తప్పా? ఇంట్లో అదే రంగున్న పిల్ల, అదే టీవీ ముందు, అదే జోకు విని తండ్రి పగలబడి నవ్వడం చూస్తూ కూచుంటోందన్న సంగతి రాసేవాడికి ఒక్కసారైనా తట్టదా? అమృత విలాస్‌లో సర్వం అనేవాడు ఒట్టి సర్వరే. వాడికీ ఓ బుర్రుంది, ఓ నోరుంది. యజమానుల నిర్వాకం మీద వాడికో అభిప్రాయం ఉంది. బిల్లు కట్టే వాళ్ళకీ, కట్టలేని వాళ్ళకీ, ప్లేట్లు తీసేవాడికీ ఒకే మర్యాద ఇచ్చి నవ్వించడం ఈ భాషలోనే, ఈ ఊళ్ళోనే ఒకప్పుడు వచ్చు. ఇప్పుడు రాదట. ఎందుకంటే "జనం ఇదే అడుగుతున్నారు". ఎవడ్రా ఆ జనం? ఎప్పుడు అడిగారు?

ఆ స్కిట్లు చూసే సోఫాలో జడ్జీలు మాత్రం ముందుకి వంగి, చేతులు చరుచుకుని, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతారు. వాళ్ళకి అందుకే డబ్బిస్తున్నారు. మనకెవరిస్తున్నారు?