హెచ్చరిక వేస్తే బాధ్యత తీరుతుందా?

డిస్నీ సంస్థ 2019 నవంబరులో డిస్నీ ప్లస్ అనే స్ట్రీమింగ్ (ఆన్‌లైన్‌లో సినిమాలు చూపే) సేవను ప్రారంభించి తన పాత సినిమాలను నట్టింటికి తెచ్చింది గానీ, వాటిలోని జాతి వివక్షను పిల్లలకు వివరించే భారాన్ని మాత్రం తల్లిదండ్రుల నెత్తిన పెట్టి చేతులు దులుపుకుంది. 1941 నాటి కార్టూన్ సినిమా ‘డంబో’లో కాకుల నాయకుడికి నిర్మాణ సమయంలో పెట్టిన పేరు జిమ్ క్రో, అమెరికాలో నల్లజాతివారిని వేరుగా ఉంచిన చట్టాలకూ అదే పేరు. ఆ కాకికి నల్లవారి యాసలో గొంతు అరువిచ్చినది తెల్లజాతి నటుడు. 1970 నాటి ‘ది అరిస్టోక్యాట్స్’లో సయామీ (థాయిలాండ్ జాతి) పిల్లి చాప్‌స్టిక్‌లతో పియానో వాయిస్తూ, ఆసియావాసుల ఉచ్చారణను వెక్కిరిస్తున్నట్టు పాడుతుంది.

ఇలాంటి చిత్రణలు అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పేనని 2020లో డిస్నీ ఈ సినిమాల ముందు హెచ్చరికగా రాయడం నిజంగా మెచ్చదగినదే. అయితే ఏ దృశ్యం తప్పో, ఎందుకు తప్పో అందులో ఒక్క ముక్క కూడా లేకపోవడం నాకు మింగుడుపడదు. 2021లో ఈ రెండు సినిమాలనూ డిస్నీ ప్లస్‌లో పిల్లలకు విడిగా ఉండే ప్రొఫైళ్ల నుంచి తీసేశారు. నల్లవారిని చూపిన తీరుపై విమర్శలు ఎదుర్కొన్న 1946 నాటి సినిమా ‘సాంగ్ ఆఫ్ ద సౌత్’ను అసలు చేర్చనే లేదు.

ఏది కనిపించాలో, ఏది మాయమవాలో కంపెనీయే తేల్చే ఈ స్ట్రీమింగ్ కాలంలో, దాచిపెట్టడాన్ని దిద్దుబాటు అనుకోమంటే ఎలా? ప్రతి సినిమాకూ ముందు చరిత్రకారుల చేత ఐదు నిమిషాల వివరణ చేయించడం అంత పెద్ద సంస్థకు భారమేమీ కాదు.