పిక్కకు పుట్టుక సర్టిఫికెట్

ప్రపంచీకరణ మన సిక్కోలు దాకా రాలేదని బెంగపడేవాళ్లు ఓసారి పలాస బస్సెక్కాలి. కాశీబుగ్గలో దిగేలోపే జీడిపిక్కలు వేగిన పొగ ఎదురొస్తుంది. అందులో కొంత ఆఫ్రికాలోని ఐవరీ కోస్టుది, మొన్నటిదాకా కొంత అక్కడి బెనిన్‌ది, మిగతాది మన ఉద్దానానిది, అంటే మందస, వజ్రపుకొత్తూరు వైపు తోటలది. కళ్లు మాత్రం మూడింటికీ ఒకేలా మండుతాయి. ప్రపంచ ఐక్యత అంటే ఇదే.

ఇక లెక్కలు చూడండి. బస్తా 80 కిలోలు. అందులోంచి రాలే పప్పును మాత్రం పౌండ్లలో చెప్పాలి. శాంపిల్‌కి కిలో పిక్కలు కోస్తారు. మంచి పప్పు 270 గ్రాములు తేలిందా, బస్తాను పౌండ్లలోకి తిప్పే 0.176తో గుణిస్తే బస్తాకు నలభై ఏడున్నర పౌండ్ల దిగుబడి. డబ్ల్యూ 320 అనే రకం అంటే పౌండుకు 300 నుంచి 320 గుండ్లు, అంటే బద్ద కాని పప్పులు. ఓడ సరుకు బేరం డాలర్లలో. వలిచే ఆడకూలీకి రూపాయల్లోనే, అదీ గుండు బద్దయితే యజమాని ముఖం చూడాలి. ఇక జీడి సొన వేళ్లను పొక్కిస్తుంది. దానికి విరుగుడు ఇన్నేళ్లుగా బూడిదో, ఆముదమో. ఈ ఒక్క సాంకేతికతనూ ఎవరూ దిగుమతి చేసుకోలేదు.

తేమ 10 శాతం దాటితే పిక్క బూజు పట్టి పప్పు నల్లబడుతుంది. వారాల తరబడి ఓడలో మగ్గిన సరుక్కే ఆ గండం ఎక్కువ. దళారీకి తేమ గుర్తొచ్చేది మాత్రం మందస రైతు బస్తా విప్పినప్పుడు.

దిగుమతి పిక్కల మీద 2016లో 5 శాతం సుంకం వేశారు, 2018లో రెండున్నరకు దించారు. బెనిన్ లాంటి మరీ వెనకబడిన దేశాల పిక్క పుట్టిన దేశం సర్టిఫికెట్ చూపిస్తే ఆ కాస్తా మాఫీ. మన కౌలు రైతుకు గుర్తింపు కార్డు రావాలంటే ముందు ఆసామి మనసు కరగాలి. అదే 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానం తోటల్ని పడుకోబెట్టింది. కొత్త మొక్క కాపుకొచ్చేదాకా రైతు ఆగాడు, బట్టీలు ఆగవు కదా.

ఇంతలో చిన్న దేశం బెనిన్‌కు ఏం పుట్టిందో, 2024 నుంచి పచ్చి పిక్కల ఎగుమతి బంద్ అంది. తామే వలిచి పప్పు అమ్ముకుంటారట! పండించినవాడే పప్పూ అమ్ముతాననడం ఎంత పొగరు. ఈ కబురు వజ్రపుకొత్తూరు వైపు పొక్కకుండా చూసుకోవాలి.