ఆ అబ్బాయి మాట పూర్తి కానివ్వాల్సింది

ఇక్కడ కాలిఫోర్నియాలో మొన్నటి దసరా సంబరాల్లో జరిగిన పిల్లల సత్కారం చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. వేసవిలో ఇంటర్న్‌షిప్ చేసొచ్చిన వాళ్లను ఒక్కొక్కరినే పిలిచి, కంపెనీ పేరు చదివి, శాలువా కప్పారు. ప్రతి పేరుకూ చప్పట్లు మోగాయి. చివర్లో ఒక అబ్బాయి వచ్చాడు. వేసవంతా ఐడహో రాష్ట్రంలో, చేతి పనిముట్లతో అడవి మంటలు ఆర్పే జట్టులో, అంటే హ్యాండ్ క్రూలో పనిచేశాడట. "మర్చిపోలేని సంఘటన ఒకటి చెప్పు బాబూ" అని మైకు ఇచ్చారు. "మంట ఆరిపోయాక బూడిదను చేత్తో తడుముకుంటూ వెళ్లడం..." అని మొదలుపెట్టాడో లేదో హాల్లో నవ్వులు. ముందు వరుసలోంచి ఒక పెద్దాయన "చదువు మానేశావా ఏంటి?" అని అడిగారు. ఇంతలో లక్కీ డ్రాకు టైమైందని మైకు తీసేసుకున్నారు.

ఎవరూ కావాలని చేసింది కాదు. పిల్లల్ని పదిమందిలో నిలబెట్టి శాలువా కప్పే మన అలవాటు నాకిష్టమే. కానీ ఆ శాలువా కంపెనీ పేరును చూసి బరువెక్కుతోంది, తేలికవుతోంది. ఇది మాత్రం మనం మానుకోవాలి. ఆ అబ్బాయి చెప్పబోయిన సంగతి ఆ పనిలో అన్నిటికన్నా ఓపిక కావాల్సిన ఘట్టం. అది సగంలో ఆగిపోకూడదు.

దాన్ని కోల్డ్ ట్రైలింగ్ అంటారు. మంట కనబడదు, పొగ కూడా ఉండకపోవచ్చు. కానీ నేల కింద పైన్ చెట్ల వేర్లు ఊకకుంపటిలా రోజుల తరబడి రాజుకుంటూనే ఉంటాయి. క్రూ వరుసగా నిలబడి కాలిన అంచు వెంట అంగుళం అంగుళం కదులుతుంది. గ్లవ్ తీసి, చేతి వెనకభాగాన్ని ముందు నేలకు దగ్గరగా పెట్టి, వేడి తగలకపోతేనే బూడిదలో పెట్టి తడుముతారు. అరచెయ్యి ఎందుకు వాడరంటే, వెనకభాగానికి వేడి త్వరగా తెలుస్తుంది. పైగా అరచెయ్యి కాలితే పనిముట్టు పట్టుకోలేరు. వేడి తగిలిన చోట తవ్వాలి. వీపున మోసే నీళ్ల సంచిలో పట్టేది ఐదు గాలన్లే, నిండితే నలభై అయిదు పౌండ్ల దాకా తూగుతుంది. ఆ నీళ్లు పైనుంచి పోస్తే పైపొర తడుస్తుంది, కింద నిప్పు కిందే ఉంటుంది. పారతో తిరగేసి, నీళ్లూ మట్టీ బురదలా కలిపి, మళ్లీ చేత్తో తడిమి చూడాలి. ఒక్క వేరు వదిలేస్తే, మర్నాడు మధ్యాహ్నం గాలిలో తేమ పడిపోయి గాలి లేచినప్పుడు అదే మళ్లీ అంటుకుంటుంది. హాల్లో నవ్వొచ్చింది ఈ పనికే.

అంతకుముందు ఫైర్‌లైన్, అంటే మంట దాటి రాకుండా నేల మీద ఉత్త మట్టి గీత, తవ్వడం ఉంటుంది. ఇరవై మంది క్రూలో రంపాల వాళ్లు ముందు నడిచి పొదలూ కొమ్మలూ కోస్తారు. వెనక పులాస్కీలు, ఆ వెనక పారలు, మెక్లౌడ్‌లు (ఒకవైపు పళ్లు, రెండోవైపు పార ఉండే పనిముట్లు). పులాస్కీకి ఒకవైపు గొడ్డలి, రెండోవైపు బాడిస. 1910 నాటి పెనుమంటల్లో తన మనుషుల్లో చాలామందిని గని సొరంగంలోకి తీసుకెళ్లి కాపాడిన ఐడహో అటవీ రేంజర్ ఎడ్ పులాస్కీ పేరే దానికి నిలిచింది. మనిషికీ మనిషికీ పదడుగుల ఎడం ఉండాలి; దగ్గరైతే పక్కవాడి గొడ్డలి తగులుతుంది. ఆకూ, వేరూ ఏమీ మిగలకుండా ఉత్త మట్టి తేలేదాకా గీకాలి. కాలిన సరుకు కాలిన వైపుకే వెయ్యాలి, ఇంకా కాలని పచ్చి వైపు పడితే చేసిందంతా వృథా. వాలులో, మంటకు దిగువన లైన్ వేస్తే దాన్ని లోతుగా కాలవలా తవ్వి, కింది అంచున మట్టికట్ట పొయ్యాలి. లేకపోతే మండుతున్న పైన్ కాయలు దొర్లిపోయి దిగువన కొత్త మంట పెడతాయి. షిఫ్టు పదహారు గంటల దాకా, వరుసగా పద్నాలుగు రోజుల దాకా.

తల్లిదండ్రుల భయం న్యాయమైనదే. 1994లో కొలరాడో సౌత్ కాన్యన్‌లో పద్నాలుగు మంది, 2013లో అరిజోనా యార్నెల్ హిల్‌లో పంతొమ్మిది మంది చనిపోయారు. రెండు చోట్లా గాలి తీరు మారింది, తప్పించుకునే వ్యవధి లేకపోయింది. నడుముకు కట్టుకునే ఫైర్ షెల్టర్ (ఆపదలో విప్పి లోపల దూరే చిన్న మడత గుడారం) సెగను వెనక్కి కొడుతుంది గానీ, నేరుగా తగిలే మంటను ఎక్కువసేపు ఆపలేదు. అందుకే క్రూ పని మొదలెట్టే ముందే నాలుగు సంగతులు తేల్చుకుంటుంది: మంటను కనిపెట్టి చూసేదెవరు, రేడియో అందుతోందా, తప్పించుకునే దారేది, ప్రాణాలు నిలిచే చోటేది. భయపడే తల్లిదండ్రులు పిల్లల్ని అడగాల్సిందీ ఈ నాలుగే. "మానెయ్" అనే ముందు ఇవి అడగండి. జవాబు తడుముకోకుండా చెప్పే పిల్ల ఎంత నేర్చుకుందో మీకే తెలుస్తుంది.

నష్టం వైపు ఇంకా ఉంది. పొగ ఊపిరితిత్తులకు చెడుపు చేస్తుంది, ముక్కుకు కట్టుకునే గుడ్డ సన్నటి రేణువుల్ని ఆపదు. మొదటి ఏడాది జీతం మన పిల్లలకు ఇంటర్న్‌షిప్‌లో వచ్చేదాని దరిదాపుల్లో కూడా ఉండదు. అయినా 2018లో ప్యారడైజ్ ఊరు తగలబడి, ఆ మంటలో 85 మంది పోయిన ఈ కాలిఫోర్నియాలోనే మన ఇళ్లూ ఉన్నాయి. ఆ గీత తవ్వేది ఎప్పుడూ ఎవరో పరాయి పిల్లలే కావాలా?

ఈ పనిలో ఫెడరల్ (కేంద్ర ప్రభుత్వ) ఉద్యోగానికి పద్దెనిమిదేళ్లు నిండాలి, అమెరికా పౌరసత్వం ఉండాలి. వీసా మీద ఉన్న పిల్లలకు ఆ దారి లేదు, ఇక్కడ పుట్టిన వాళ్లకు ఉంది. మంటల దగ్గర పనిచేసే అర్హత చూపే రెడ్ కార్డ్ కోసం వారం పాటు శిక్షణ, ఆపై ప్యాక్ టెస్ట్ అనే బరువు నడక పరీక్ష: నలభై అయిదు పౌండ్ల బరువుతో మూడు మైళ్లు నలభై అయిదు నిమిషాల్లో. పరుగెత్తకూడదు, నడకే. రెండు మూడు నెలల ముందు నుంచే బరువు కొద్దికొద్దిగా పెంచుకుంటూ నడవాలి. ఎనిమిది అంగుళాల తోలు బూట్లు కొని, ఆ నడకలోనే మెత్తబరచుకోవాలి. కొత్త బూట్లతో లైన్ మీదికి వెళ్తే మొదటి రోజే మడమలు బొబ్బలెక్కుతాయి. వచ్చే వేసవికి ఫెడరల్ ఉద్యోగాల వెబ్‌సైట్ యూఎస్ఏజాబ్స్‌లో ప్రకటనలు చాలావరకు ఈ చలికాలంలోపే వచ్చి మూసేస్తారు. మీ ఇంట్లో ఎవరైనా వెళ్తానంటే, దయచేసి పక్కన కూర్చుని ఆ దరఖాస్తు నింపించండి.