అరీనా గల్లాపెట్టె నింపేది హాకీనా, పాటా?

2021 ఆగస్టులో అమెరికాలోని గ్లెండేల్ నగరం తన అద్దెదారుకి నోటీసు ఇచ్చింది. వచ్చే సీజన్ అయ్యాక ఇక కొనసాగించం, వేరే చోటు చూసుకోండి అని. ఆ అద్దెదారు నేషనల్ హాకీ లీగ్‌లో ఆడే అరిజోనా కయోటీస్ జట్టు. ఫీనిక్స్‌ని ఆనుకుని ఉన్న ఈ ఊళ్లో అరీనాని, అంటే ఆటలూ కచేరీలూ జరిగే పెద్ద ఇండోర్ హాలుని, 2003లో తెరిచిందే ఆ జట్టు కోసం. జట్టు ఎక్కడికీ పోకుండా 2013లో నగరం కుదుర్చుకున్న ఒప్పందం చూస్తే నవ్వొస్తుంది. అరీనా నిర్వహణ పేరుతో నగరమే జట్టు యజమానులకి ఏటా 1.5 కోట్ల డాలర్ల చొప్పున 15 ఏళ్లు ఇవ్వాలట. ఇంటి ఓనరే అద్దెకున్నవాడికి ఎదురు డబ్బు కట్టడమన్నమాట. రెండేళ్లకే కౌన్సిల్ దాన్ని రద్దు చేసింది. చివరికి అసలు జట్టే వద్దు, కచేరీలూ పెద్ద ఈవెంట్లూ పెట్టుకుంటాం అనేసింది.

మరి పెద్ద నగరంలో అరీనాకి హాకీ కన్నా కచేరీలే లాభమా? ఒక్క రాత్రి లెక్క చూస్తే అవుననే చెప్పాలి. ఏడాది లెక్క మాత్రం అంత సులువుగా తేలదు.

ముందు హాలు ఎలా నడుస్తుందో చూద్దాం. ఇది మన మైదానాల్లో ఆడే హాకీ కాదు. 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పున్న మంచు మీద ఆట. కచేరీ ఉందని ఆ మంచుని కరిగించరు. మ్యాచ్ అయిపోయి జనం పార్కింగ్ దాకా వెళ్లేలోపే పనివాళ్లు దిగిపోతారు. చుట్టూ ఉన్న అద్దాలు ఊడదీసి, చలి పైకి తన్నకుండా మంచు మీద పలకలు వరసగా పరిచేస్తారు. ఆ పలకల మీదే కుర్చీలు, ఒక చివర స్టేజీ. పైకప్పుకి టన్నుల కొద్దీ లైట్లు, స్పీకర్లు వేలాడదీస్తారు. పాటకి ఊగిపోతున్న జనం కాళ్ల కింద రేపటి మ్యాచ్ మంచు అలాగే ఉంటుంది.

ఇక డబ్బు సంగతి. ఫలానా టూర్ ఇన్ని కోట్లు వసూలు చేసిందన్న హెడ్‌లైన్లు చూసి అరీనా బాగుపడిందనుకుంటే పొరపాటే. ఖర్చులు పోగా మిగిలిన టికెట్ డబ్బులో సింహభాగం కళాకారులదే. పెద్ద పేరున్నవాళ్లయితే నూటికి ఎనభై అయిదో తొంభయ్యో పట్టుకెళ్తారు. కచేరీ ఏర్పాటు చేసే ప్రమోటర్‌కి మిగిలేది కూడా పల్చనే. అలాంటి ప్రమోటర్ అయిన లైవ్ నేషన్ సంస్థకి 2023లో 2,270 కోట్ల డాలర్ల ఆదాయం వచ్చింది, అందులో ఎక్కువ భాగం కచేరీలదే. కానీ లాభం శాతం బాగుండేది మాత్రం టికెట్ల అమ్మకం, స్పాన్సర్‌షిప్ విభాగాల్లో. మరి అరీనాకి ఏం దక్కుతుంది? హాలు అద్దె, టికెట్ మీద వేసే ఫెసిలిటీ ఫీజు, సర్వీస్ చార్జీలో వాటా, పార్కింగ్, టీషర్టుల మీద కమీషన్, అన్నిటికన్నా ముఖ్యంగా తిండీ బీరూ. మన ఊళ్లో ఫంక్షన్ హాల్ ఓనర్‌ని అడగండి, అద్దెలో ఏముందండీ, క్యాటరింగ్ మా దగ్గరే తీసుకోవాలి అంటాడు. ఆ లెక్కే ఇదీ. న్యూజెర్సీలోనో టొరంటోలోనో ఉంటున్న మనవాళ్లు, టికెట్ కొనేటప్పుడు చివరి పేజీలో హఠాత్తుగా పెరిగిన మొత్తం చూసి నిట్టూర్చే ఉంటారు. ఆ పెరిగిన దాంట్లో అరీనా వాటా కూడా ఉంటుంది.

హాకీ రాత్రి సంగతి వేరు. లీగ్‌లో ఒక్కో జట్టుకి సొంత ఊళ్లో ఏటా 40కి పైగా మ్యాచ్‌లు. వాటిలో నవంబర్ మంగళవారాలు కూడా ఉంటాయి, ఆ రోజు సీట్లు నింపడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. అమెరికాలో ఈఎస్‌పీఎన్, టర్నర్‌లతో 2021లో మొదలైన టీవీ ఒప్పందాల విలువ ఏడాదికి సుమారు 62.5 కోట్ల డాలర్లు. దాన్ని 32 జట్లకి పంచితే తలా రెండు కోట్లు కూడా రావు. 2024-25లో ఒక జట్టు జీతాల పరిమితి 8.8 కోట్లు. కెనడా టీవీ డబ్బు కలిపినా పూడని తేడా ఇది. అందుకే హాకీ ఇప్పటికీ గేటు డబ్బు మీద, అంటే టికెట్ల అమ్మకం మీద బతికే ఆట.

అసలు కీలకం ఇంకోటి ఉంది, దాన్ని జనం పెద్దగా పట్టించుకోరు. ఆటగాళ్ల సంఘంతో లీగ్‌కి ఉన్న ఒప్పందం ప్రకారం హాకీ ద్వారా వచ్చే ఆదాయంలో సగం ఆటగాళ్లది. కచేరీ ఆదాయం ఆ లెక్కలోకి రాదు. కచేరీ రాత్రి అమ్మిన బీరు మీద ఏ గోల్‌కీపర్‌కీ పైసా ఇవ్వక్కర్లేదు. జట్టూ అరీనా ఒకరి చేతిలోనే ఉంటే, ఆ యజమానికి ఏ డాలర్ ముద్దో ఊహించుకోవచ్చు.

చేతులు వేరైనప్పుడు ఏమవుతుందో న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ చూపించింది. 2012లో జే-జీ కచేరీలతో మొదలైన బార్‌క్లేస్ సెంటర్ బాస్కెట్‌బాల్ కోసం కట్టిన హాలు. 2015లో న్యూయార్క్ ఐలాండర్స్ హాకీ జట్టు అక్కడికి వచ్చేసరికి స్కోర్‌బోర్డు మంచుకి నడిమధ్యన లేకుండా పక్కకి పోయింది, కొన్ని సీట్ల నుంచి ఒక గోల్ సరిగ్గా కనిపించేదే కాదు. టికెట్ల డబ్బు అరీనా తీసుకుని, జట్టుకి ఏటా సుమారు 5.35 కోట్ల డాలర్లు ఇచ్చే ఏర్పాటు. రెండేళ్లు తిరక్కముందే, ఆ తేదీలు కచేరీలకిస్తే ఇంతకన్నా మిగులుతుందని అరీనా లెక్కేసుకుంటోందన్న వార్త బయటికొచ్చింది. 2021లో ఐలాండర్స్ తమ సొంత అరీనాకి మారారు. అది కట్టడంలో వాళ్ల భాగస్వామి ఓక్ వ్యూ గ్రూప్. ఆ సంస్థని స్థాపించిన ఇద్దరిలో ఒకరు, పెద్ద పెద్ద గాయకులకి మేనేజర్‌గా ఉన్న ఇర్వింగ్ ఏజాఫ్. అంటే పాటల వాళ్ల పోటు భరించలేక వెళ్లిన జట్టు, మళ్లీ పాటల వాళ్లతోనే పొత్తు పెట్టుకుంది.

న్యూయార్క్‌లోనే ఉన్న మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అరీనాలో అయితే ఒకే కుటుంబ నియంత్రణలో ఉన్నా లెక్కల పుస్తకాలు వేరయ్యాయి. 2020లో జట్లు ఒక కంపెనీకి, హాలు ఇంకో కంపెనీకి వెళ్లాయి. రేంజర్స్ హాకీ జట్టు హాలుకి కట్టాల్సిన ఫీజు మొదటి పూర్తి ఏడాదికి సుమారు 1.67 కోట్ల డాలర్లు, తర్వాత ఏటా 3 శాతం పెంపు. అదే హాల్లో 2022లో హ్యారీ స్టైల్స్ 15 రాత్రులు పాడాడు. బిల్లీ జోయెల్ అయితే 2014 నుంచి 2024 దాకా నెలకోసారి లెక్కన ఇల్లరికపు అల్లుడిలా అక్కడే పాడుతూ వచ్చాడు.

అయితే జట్టు లేకపోతేనే మేలా? కాన్సాస్ సిటీ 2007లో అరీనా కట్టుకుని హాకీ జట్టు కోసమో బాస్కెట్‌బాల్ జట్టు కోసమో ఎదురుచూసింది. ఏదీ రాలేదు. అయినా కచేరీలతో, కాలేజీ బాస్కెట్‌బాల్ టోర్నీలతో హాలు కళకళలాడుతోంది. కెనడాలోని క్యూబెక్ సిటీ కూడా ఊరు విడిచి పోయిన తన హాకీ జట్టు నార్డిక్స్ మళ్లీ వస్తుందన్న ఆశతో 2015లో పెద్ద అరీనా తెరిచింది. జట్టు రాలేదు, మొదటి ఏళ్లలో నష్టాలు తప్పలేదు. తేడా ఎక్కడుంది? టూర్లు వెళ్లే దారిలో ఊరు ఉందా లేదా అన్నదే నాకు కనిపించిన జవాబు. కచేరీ లాభం హాలుది అనుకుంటాం గానీ, అది చాలావరకు ఊరి మార్కెట్‌ది.

జట్టు తెచ్చే ఇంకో ఆదాయం ఏ ఒక్క రాత్రి బిల్లులోనూ కనిపించదు. కంపెనీలు సూట్లని, అంటే మ్యాచ్ చూసే ప్రత్యేక గదుల్ని, ఏడాది పొడవునా తీసుకునేది 40కి పైగా తేదీలు ఖాయంగా ఉంటాయనే. అరీనాకి తమ పేరు పెట్టుకునే హక్కులూ అంతే. టొరంటో అరీనాకి స్కోషియాబ్యాంక్ 20 ఏళ్లకి 80 కోట్ల కెనడా డాలర్లు ఒప్పుకుందంటే, రోజూ టీవీలో ఆ పేరు పలికించే హాకీ, బాస్కెట్‌బాల్ జట్లు అక్కడ ఉండబట్టే. ఏ గాయకుడూ ఏడాదిలో అన్నిసార్లు ఒకే ఊరి పేరు పలికించలేడు.

కెనడాలోని కాల్గరీలో హాకీ, కచేరీ ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకున్నాయి. అక్కడి 1983 నాటి శాడిల్‌డోమ్ అరీనా పైకప్పు గుర్రపు జీను ఆకారంలో ఉంటుంది. చూడముచ్చటైనదే గానీ ఇప్పటి టూర్ల లైట్ల బరువు మోయలేదు. దాంతో పెద్ద పెద్ద షోలు ఆ ఊరికి రాకుండా ఎడ్మంటన్‌కి పోయేవి. కొత్త అరీనాకి ప్రజల సొమ్ము అడిగినప్పుడు హాకీ అభిమానంతో పాటు ఈ వాదన కూడా బాగా పనికొచ్చింది. 2024లో పునాది పడింది.

కయోటీస్ ఏమైందంటారా? గ్లెండేల్ పొమ్మన్నాక రెండు సీజన్లు ఒక యూనివర్సిటీ రింక్‌లో, సుమారు 4,600 సీట్ల మధ్య ఆడింది. 2024లో ఆ జట్టు ఆటగాళ్లనంతా 120 కోట్ల డాలర్ల ఒప్పందంలో సాల్ట్ లేక్ సిటీకి తరలించారు. అక్కడి అరీనా కూడా బాస్కెట్‌బాల్ కోసం కట్టిందే, జట్టు వచ్చిన కొత్తలో కొన్ని సీట్ల నుంచి గోల్ సరిగ్గా కనిపించేది కాదు. దాన్ని మార్చడానికి, చుట్టుపక్కల ప్రాంతాన్ని బాగుచేయడానికి 90 కోట్ల డాలర్ల దాకా సమకూర్చేలా అమ్మకపు పన్ను అర శాతం పెంచడానికి నగర కౌన్సిల్ అదే ఏడాది ఒప్పుకుంది. జీవితంలో హాకీ మ్యాచ్ చూడనివాళ్లూ, కచేరీకి వెళ్లనివాళ్లూ కూడా ఆ అర శాతం కడుతున్నారు.