ఎడమ సీటు గారు, కుడి సీటు బాబు

పెళ్లిచూపుల్లో అబ్బాయి జీతం అడగడం మన ఆచారం. అబ్బాయి ఒక అంకె చెప్పడం, అమ్మాయి తండ్రి మనసులోనే అందులోంచి పావువంతు కొట్టేయడం కూడా ఆచారమే. మొన్న ఆదివారం మా అన్నయ్య కొడుకు వెంట పెద్దమనిషి హోదాలో నేను హాజరైన పెళ్లిచూపుల్లో ఈ సనాతన పద్ధతికి భంగం కలిగింది. మావాడు బిజినెస్ జెట్‌లో, అంటే డబ్బున్నవాళ్లు సొంతానికో అద్దెకో వాడుకునే విమానంలో, కో-పైలట్. అమ్మాయి తండ్రి బ్యాంకు మేనేజరుగా చేసి రిటైరైన మనిషి. "నెలకెంత వస్తుంది బాబూ?" అని ఆయన అడిగారు. "విమానాన్ని బట్టి ఉంటుందండీ" అన్నాడు వీడు. "విమానం దేన్ని బట్టి ఉంటుంది?" "యజమానిని బట్టండీ." ఆయన చేతిలోని జంతిక పళ్లెంలో పెట్టేసి, జేబులోంచి కళ్లజోడూ కలమూ తీశారు.

ఆ రోజు అక్కడ తేలని విషయాన్ని లోకహితం కోరి ఇక్కడ తేల్చదలిచాను.

జీతం ముందుగా బరువును బట్టి ఉంటుంది. పైలట్ బరువు కాదు, విమానం బరువు. ఫెనామ్ 100 అనే చిన్న జెట్ నిండా ఇంధనం, మనుషులు, సామాను నింపినా 5 టన్నులు తూగదు. గల్ఫ్‌స్ట్రీమ్ జి650 అనే పెద్ద జెట్ నిండితే 45 టన్నులు. ఆకాశం రెండింటికీ ఒకటే, మబ్బులూ ఒకటే, కంట్రోల్ టవర్ కసురుకునే తీరూ ఒకటే. మావాడికి చిన్న జెట్‌లో నెలకు లక్షా పాతిక వేలు. వాడితోపాటే అదే ఫ్లయింగ్ స్కూల్లో, అదే 200 గంటలు ఎగిరి లైసెన్సు తెచ్చుకున్న స్నేహితుడికి ముంబైలో పెద్ద జెట్ దొరికింది, దానికి రెట్టింపు పైన వస్తోంది. స్కూల్లో వీడే బాగా దింపేవాడట. దింపడం బాగుంటే జీతం పెరుగుతుందని వాళ్లకెవరూ చెప్పలేదు కాబట్టి దీన్ని మోసం అనడానికీ వీల్లేదు.

"లారీ నడిపేవాడికి ఆటో నడిపేవాడి కంటే ఎక్కువే ఇస్తారు కదా!" అని మేనేజరుగారు సమర్థించబోయారు. పోలిక సబబే. అయితే ఆటో డ్రైవరు ప్రయాణికుడికి కాఫీ కలపడు. పెద్ద జెట్‌లో ఆ పనికి వేరే మనిషి ఉంటుంది. చిన్న జెట్‌లో ఆ మనిషి కో-పైలటే.

తెల్లవారుజామున బేగంపేటకు వెళ్లి చూడండి. 2008 మార్చిలో ప్రయాణికుల విమానాలన్నీ శంషాబాద్‌కు తరలిపోయాక, ఆ పాత రన్‌వే వాయుసేనకూ, ప్రముఖులకూ, సొంత రెక్కలున్న మారాజులకూ మిగిలింది. చీకటి ఉండగానే భుజాన మూడు బంగారు చారలున్న కుర్రవాడు ఒక చేతిలో ఐసు పెట్టె, మరో చేతిలో ఇడ్లీల క్యారియర్ పట్టుకుని వస్తాడు. చట్నీ డబ్బా మూత ఊడకుండా రెండు రబ్బరు బ్యాండ్లు వేసి ఉంటాడు, ఎందుకంటే లోపలి సీట్లు తెల్లతోలువి. ఇంజన్ల మీది ముసుగులు తీస్తాడు. మెట్టు మీది బురద తుడుస్తాడు. వాతావరణ నివేదిక తెస్తాడు, బరువుల లెక్క వేస్తాడు, సూట్‌కేసులు మోసి సర్దుతాడు, పేపర్లు విప్పి ఇస్త్రీ చేసినట్టు మడిచి పెడతాడు. అప్పుడు నాలుగు చారల కెప్టెన్ వస్తారు. విమానంలో ఎడమ సీటు ఆయనది, కుడి సీటు కుర్రవాడిది. ఆ తర్వాత కారు వస్తుంది. దిగిన యజమాని ఎడమవైపు చూసి "నమస్తే కెప్టెన్ గారూ!" అంటారు. కుడివైపు చూసి "బాబూ, ఆ సంచీ జాగ్రత్త" అంటారు.

ఈ వృత్తి జీతశాస్త్రమంతా ఆ రెండు సంబోధనల్లో ఉంది. ఎడమ సీటు 'గారు', కుడి సీటు 'బాబు'. మన పెళ్లిళ్లలో తోడిపెళ్లికొడుకు కూడా ఇంతే. కొత్త బట్టలు ఇద్దరికీ ఉంటాయి, ఊరేగింపు కారులో పక్కపక్కనే కూర్చుంటారు, ఫొటోల్లో ఇద్దరూ పడతారు. చదివింపులు మాత్రం ఒకరికే.

కాబట్టి కేంద్ర పౌర విమానయాన శాఖకు నా సవినయ సూచన: కో-పైలట్ జీతానికి ఐసు భత్యం, చట్నీ భత్యం, సూట్‌కేసుకు ఇంత చొప్పున ఎత్తుడు కూలీ విడివిడిగా చేర్చాలి. విమానం నడిపినందుకు ఇచ్చేది అందులో చివరి పద్దుగా చూపిస్తే లెక్క నిజాయతీగా ఉంటుంది.

ఇక యజమాని సంగతి. సొంతానికి కొనుక్కున్న విమానాన్ని అద్దెకు తిప్పకూడదు. తిప్పాలంటే నాన్ షెడ్యూల్డ్ ఆపరేటర్ పర్మిట్, అంటే టైం టేబుల్ లేకుండా అద్దెకు తిప్పుకునే అనుమతి, ఉండాలి. అద్దెకు తిరిగే కంపెనీలో చేరితే ఎన్నికల రుతువులో కాలు నిలవదు. గంటకు లక్షల్లో అద్దె పలుకుతుంది, నాయకుల చేతుల్లో మైకులు, వీడి చేతిలో నీళ్ల సీసాలు. నెల జీతం మాత్రం నెల జీతమే. సొంత విమానంలో చేరితే ఆ తిప్పలు లేవు. ఉదాహరణకు యజమానిది సిమెంటు వ్యాపారం అనుకోండి. కో-పైలట్ పేరు జీతాల పట్టికలో క్వారీ సూపర్‌వైజరుకూ స్టోర్ కీపరుకూ మధ్య ఉంటుంది. బస్తా ధర పడిపోయిన ఏడాది ముప్పై అయిదు వేల అడుగుల ఎత్తులో ఉన్నవాడికీ ఇంక్రిమెంటు ఆగిపోతుంది.

ఎయిర్‌లైన్ పైలట్‌కు ఏడాదికి 1000 గంటలు మించి ఎగరకూడదన్న పరిమితి ఉంది. మావాడికి ఆ పరిమితి గురించి బెంగ లేదు. వాడి ఏడాదంతా కలిపినా 300 గంటలు దాటడం గగనం. మిగతా కాలమంతా ఎదురుచూపు. యజమానిగారు తిరుమల దర్శనానికి వెళితే రేణిగుంటలో, బాబా సన్నిధికి వెళితే పుట్టపర్తి ఎయిర్‌పోర్టులో, ఎప్పుడొస్తారో తెలియదు కాబట్టి టై విప్పకుండా కూర్చోవాలి. భక్తి ఎక్కువున్న యజమాని దగ్గర పనిచేసేవాడికి ఎగిరిన గంటలు తక్కువ, పుణ్యం ఎక్కువ. గంటల లెక్కన జీతమిచ్చే చోట ఈ పుణ్యానికి మారకపు విలువ లేదు.

"శిక్షణ ఖర్చు ఎవరు పెట్టుకున్నారు?" అని మేనేజరుగారు అడిగారు. వృత్తి అలవాటు ఎక్కడికి పోతుంది, అప్పు వాసన ఆయనకు దూరం నుంచే తగిలింది. లైసెన్సుకు మా అన్నయ్య పొలం అమ్మాడు. ఆ లైసెన్సు ఉన్నంతమాత్రాన జెట్ ఎక్కనివ్వరు. ఆ రకం విమానానికి ప్రత్యేకంగా టైప్ రేటింగ్ అనే అర్హత తెచ్చుకోవాలి, దానికి నేల మీదే విమానం నడిపిన అనుభవమిచ్చే సిమ్యులేటర్ కావాలి. సెస్నా కంపెనీ జెట్లకైతే చాలామంది అమెరికాలోని విచిటా దాకా పోయి వస్తారు. ఆ ఖర్చు కంపెనీ పెట్టుకుంటే, బదులుగా కొన్నేళ్లు కదలనని బాండు రాయించుకుంటుంది. బాండు ఉన్నవాడికి జీతం పెంచాల్సిన అవసరం కంపెనీకి కనబడదు. బాండు తీరిన రోజున మాత్రం కో-పైలట్ కళాకాంతులు అందరికీ ఒక్కసారిగా కనబడతాయి.

2023లో అదే జరిగింది. ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా 470 విమానాలకు ఆర్డరిచ్చింది, జూన్‌లో ఇండిగో ఏకంగా 500 కొంటానంది. అవి రావడానికి ఏళ్లు పడుతుంది గానీ, వాటికి పైలట్లు కావాలన్న వార్త రావడానికి ఒక్క పూట చాలు. ఆ వారం యజమానిగారు మావాడిని పేరు పెట్టి పిలిచారట. ఐసు పెట్టె తానే అందుకోబోయారట కూడా. పైవారానికి మళ్లీ 'బాబు' వచ్చేశాడు.

అమెరికాలో ఇలా ఉండదనుకుంటే పొరపాటు. అక్కడి కార్మిక గణాంకాల శాఖ 2023 మే లెక్కల్లో ఎయిర్‌లైన్ పైలట్లు, కో-పైలట్ల మధ్యస్థ వార్షిక వేతనం 2,19,140 డాలర్లు. చార్టర్లు, అంటే అద్దె విమానాలు, నడిపేవారూ, పొలాలకు మందు చల్లేవారూ ఒకే గంపలో ఉండే కమర్షియల్ పైలట్లకు 1,13,080. అంటే దాదాపు సగం. మావాడి వృత్తిని మందు చల్లే విమానంతో కలిపి లెక్కించారని నేను మేనేజరుగారికి చెప్పలేదు. పెద్దమనిషిగా వెళ్లినవాడికి కొన్ని మొహమాటాలుంటాయి.

చెప్పకూడనిది మరొకటి ఉంది, దాన్ని వాడే చెప్పేశాడు. ఫెనామ్ 100 లాంటి జెట్లను ఒక్క పైలటే నడపవచ్చని తయారీనాడే ధ్రువీకరించారు. ప్రముఖులు ఎక్కితే మన దగ్గర ఇద్దరు ఉండాల్సిందే. అంటే మావాడు విమానానికి అవసరం లేదు, నిబంధనకు అవసరం. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ఆలోచించి, అలాంటి కుడి సీటులో గడిపిన గంటల్లో సగానికి మించి పై లైసెన్సుకు లెక్కించరాదంది. పెద్ద జెట్లకు కెప్టెన్ కావడానికి తెచ్చుకోవాల్సిన ఆ పై లైసెన్సుకు 1500 గంటలు కావాలి. మేనేజరుగారు కాగితం మీద 300 వేసి, రెండుతో భాగించి, 1500 కింద గీత గీసి, జవాబు వచ్చాక మావాడి నెత్తి మీది జుట్టు వంక ఒకసారి చూశారు.

అప్పటిదాకా మాట్లాడని అమ్మాయి నోరు విప్పింది.

"పైలట్లిద్దరూ ఒకే భోజనం తినకూడదట కదండీ? తిండి వికటిస్తే ఇద్దరూ ఒకేసారి పడిపోకుండా?"

"అవునండీ" అన్నాడు మావాడు ఉత్సాహంగా. ఇంతసేపటికి జీతంతో పనిలేని ప్రశ్న వచ్చింది మరి. "రెండు రకాలు పెట్టిస్తాను. కెప్టెన్ గారు ముందు ఏదో ఒకటి తీసుకుంటారు."

"మీకేది ఇష్టం?"

వాడు నిజంగానే ఆలోచించాడు. "ఇంతవరకు ఎవరూ అడగలేదండీ. రెండోది తింటాను."

అమ్మాయి నవ్వింది. లోపలికి వెళ్లి, జంతికలూ సున్నుండలూ ఉన్న పళ్లెం తెచ్చి, ముందుగా వాడి దగ్గరే పట్టుకుని నిలబడింది. వాడు చెయ్యి చాపబోయి, ఆగి, అలవాటు కొద్దీ నా వైపు చూశాడు.